గడప దాటిన చెప్పులు

నన్ను చంకనేసుకుని పెంచిన అక్కకి,

ఫోనులో అయితే నేను అరుస్తాను, నువ్వు పెట్టేస్తావు. అందుకే ఉత్తరం. కాగితం మీద గొంతు వినబడదు కాబట్టి చివరిదాకా చదువుతావని ఆశ.

సమ్మె చనిపోయింది. నువ్వు నవ్విన పేరే. మీ షెల్టర్ వ్యాను తల్లినీ మూడు పిల్లల్నీ మా వీధిలో దింపిన రోజు ఫోనులో, "పిడికిలి, నినాదం, సమ్మె ఏంట్రా, అవి కుక్కపిల్లలా కరపత్రాలా" అన్నావు. తల్లికి దొరసాని అని పెట్టాను. పళ్ళెం నేల మీద పెడితే మూతి తిప్పుకుంటుంది, అరచేతిలో పెట్టి బతిమాలితేనే తింటుంది. సమ్మె పాలు ముట్టని రోజు, పేరు నిలబెట్టుకుంటోందని నవ్వాను కూడా. సాయంత్రానికి వాంతులు. ఆ తర్వాత నెత్తురు విరేచనాలు. తుప్పునీళ్ళలో ఏదో కుళ్ళినట్టు వాసన గదినిండా. పిల్లను గంపలో పెట్టుకుని వీధి చివర పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తాను.

ఆయన గంపను లోపలికి రానివ్వలేదు. గుమ్మం బయటే చూశాడు, అక్కడే పరీక్ష చేశాడు. "పార్వో. కుక్కపిల్లల్ని చంపే అంటురోగం. ఒకదాన్నుంచి ఇంకోదానికి మంటలా పాకుతుంది. నీ దగ్గరికి వచ్చేటప్పుడే తెచ్చుకుంది" అన్నాడు. మా అక్కా పశువుల డాక్టరే, తను పంపిన కుక్కలండీ, అలా జరగదు అన్నాను. గర్వంగానే అన్నాను. ఆయన నన్ను జాలిగా చూసి, "తల్లికి సెలైన్ ఇచ్చి పంపిందన్నావు కదా. ఎందుకిచ్చిందనుకున్నావు?" అన్నాడు.

బాలింత నీరసానికి అన్నావు, అక్కా. చర్మం ఎత్తి సూది ఎలా పెట్టాలో కూడా నేర్పావు. గడప దగ్గర బ్లీచింగు నీళ్ళ పళ్ళెం పెట్టమన్నావు. "పసివిరా, బయటి రోగాలేవీ వాటికి తగలకూడదు. లోపలికి వెళ్ళేముందు కాళ్ళూ చేతులూ కడుక్కో, చెప్పులు ముంచు" అన్నావు. అక్షరం పొల్లుపోకుండా అలాగే చేశాను. వెళ్ళేముందు చేశాను. బయటికి వచ్చేటప్పుడు ఎందుకు చేస్తాను? వీధి మురికిదని, గది శుభ్రమైనదని నా చేత నమ్మించావు. ఆ గదిలోంచి అవే చెప్పులతో మెట్లు దిగి నేరుగా కింద కొట్లోకి వెళ్ళేవాణ్ణి.

కింద కొట్టు దర్జీ పిన్నిది. మనకు చుట్టం కాదు. నేను అద్దెకు దిగినప్పటి నుంచీ, జ్వరం వస్తే గంజి పోసిన మనిషి. ఆమె కుక్కపిల్ల బొత్తాం, నేను కనబడితే చాలు, చెప్పుల పట్టీలు నమలడానికి వచ్చేది. నేను కాలు ఆడించి మరీ నమలనిచ్చేవాణ్ణి. సమ్మె కంటే ముందు బొత్తాం పోయింది. తనే ఏదో పాడైంది పెట్టి చంపుకున్నానని పిన్ని ఏడుస్తోంది. పక్కన కూర్చుని ఓదార్చాను. అప్పటికి నాకూ తెలీదు మరి.

అబద్ధాలు చెప్పేవాళ్ళ గురించి చాలా చదివాను. వాళ్ళంతా ఎక్కడో పెద్ద కుర్చీల్లో ఉంటారనుకున్నాను. నువ్వు వాళ్ళ మాటలే, వాళ్ళకంటే మెత్తటి గొంతుతో, నాకు చెప్పావు.

కరపత్రం రాశాను. శీర్షిక "కరుణ పేరుతో కుట్ర". అందులో మీ షెల్టర్ ఉంది, నువ్వున్నావు. నేను పనిచేసే ప్రెస్సులో యజమాని లేనప్పుడు అచ్చు వేసుకోవడం నాకు ఎంతసేపు? నీ జవాబు వచ్చేదాకా ఆగుతాను. అక్కవని కాదు. ముద్దాయి మాట వినకుండా తీర్పు చెప్పకూడదని చదివాను కనుక.

నువ్వు మోసం చేసిన
నీ తమ్ముడు


నా అగ్గిపుల్ల తమ్ముడికి,

తెలుసు. తెలిసే పంపాను.

ఇక్కడి పద్ధతి నీకెప్పుడూ చెప్పలేదు. పార్వో అని తేలితే, తేలిన రోజే తల్లినీ పిల్లల్నీ కలిపి సూదితో నిద్రపుచ్చేస్తాం. మిగతా బోనుల్లో ఉన్నవి బతకాలి, విడిగా ఉంచడానికి ఇంకో గది లేదు. తప్పని అనలేను. ఆ సూది వేసేది నేనే. వేసి, చేతులు కడుక్కుని, ఇంటికొచ్చి నీకు ఫోను చేసి "తిన్నావా" అని అడుగుతుంటాను.

దొరసానికి ఇంకో పిల్ల ఉండేది. నా ఒళ్ళోనే పోయింది. పరీక్ష చేయకుండానే అర్థమైంది. సిరంజి నింపుకుని వెళ్ళాను కూడా. అది చచ్చిన పిల్లను నాకడం ఆపి, నా చెయ్యి నాకడం మొదలుపెట్టింది. ఇక నావల్ల కాలేదు. పరీక్షకు పంపకుండా వ్యాను ఎక్కించాను.

నీకు చెబితే వద్దనేవాడివి కాదు. అదీ తెలుసు. కానీ మర్నాడే ఈ పద్ధతి మీద కరపత్రం వేసేవాడివి. వేస్తే షెల్టర్ వాళ్ళు వ్యాను పంపి వాటిని వెనక్కి తెప్పించేవాళ్ళు, సూది నా చేతికే వచ్చేది. నీ నోరు నాకు తెలుసురా. నాన్నకి ఉద్యోగం పోయిందని గుట్టుగా ఉందామనుకుంటే, నడివీధిలో నిలబడి ఆ యజమానిని తిట్టి ఊరందరికీ చాటినవాడివి. నువ్వన్నది న్యాయమే. నాన్న మాత్రం నెల రోజులు గడప దాటలేదు.

బొత్తాం సంగతి చదివాక ముద్ద దిగలేదు. పళ్ళెం పెట్టించాను కదా, చాలనుకున్నాను. నా అబద్ధం నీ చేత తిరగేసి, బయటికొచ్చేటప్పుడు కాక లోపలికి వెళ్ళేముందే కడిగిస్తుందని తట్టనే లేదు.

అచ్చు వేస్తే వేయి. ఆ తల్లీ పిల్లలూ కోలుకునేదాకా ఆగమంటున్నాను, అంతే. బతికి బయటపడ్డ కుక్కను ఏ పద్ధతీ చంపమనదు. సెలైన్ గోరువెచ్చగా చేసి ఎక్కించు, చల్లగా ఎక్కిస్తే వణికిపోతాయి. పిన్నికి ఏం చెబుతావో నీ ఇష్టం.

అక్క


అక్కకి,

దొరసాని తింటోంది. ఇప్పటికీ నా అరచేతిలోనే. పిడికిలి నిలబడుతోంది, పడుతోంది, మళ్ళీ నిలబడుతోంది. నినాదం నిన్న మొరిగింది. ఇవి ముందు రాస్తున్నాను. వీటికి నీ మీద కోపం లేదు, నాకే ఉంది.

నా నోరు నీకు తెలుసన్నావు. నాన్న సంగతి నిజమే. అయినా నాలుగు ప్రాణాలు నా చేతిలో పెట్టగలిగావు, వాటితోపాటు నిజం పెట్టలేకపోయావు. చెప్పి, నోరు మూసుకోరా అని ఉంటే మూసుకునేవాణ్ణేమో. మూసుకోగలనో లేదో నాకూ తెలిసేది. ఆ అవకాశం ఇవ్వకుండానే నేను పనికిరానని తేల్చేశావు.

పిన్నికి చెప్పేయాలనుకున్నాను. మొత్తం. కరపత్రం జేబులో పెట్టుకునే దిగాను. ఈసారి వచ్చేటప్పుడు చెప్పులు గడప దగ్గరే వదిలి, బట్టలు మార్చుకుని, కాళ్ళు కడుక్కుని వెళ్ళాను. పిన్ని మిషను మీద ఉంది.

"పిన్నీ, నువ్వు పెట్టింది తిని పోలేదు బొత్తాం. పైనున్న కుక్కలకి రోగం. నా చెప్పులతో కిందికి తెచ్చాను."

మిషను ఆపలేదు. కుట్టు చివరిదాకా వెళ్ళి, దారం పంటితో తెంపి, అప్పుడు తలెత్తింది.

"రోగమని నీకు ముందే తెలుసా?"

"తెలీదు పిన్నీ."

"నా కళ్ళలోకి చూసి చెప్పు."

"నీ మీద ఒట్టు. తెలీదు."

"మరి మీ అక్కకి? డాక్టరమ్మ కదా. ఆవిడకి కూడా తెలీదా?"

అక్కా, ఆ ప్రశ్నకు జవాబు నా జేబులో నీ పేరుతో సహా ఉంది. తెలుసు అంటే పిన్ని ఆ పూటే మీ షెల్టర్‌కి వెళ్ళి నిలదీస్తుంది. ఆ హక్కు ఆమెకుంది. సాయంత్రానికి వ్యాను వస్తుంది. పైనుంచి నినాదం మొరుగు వినబడుతోంది, దానికి ఇంకా గొంతు సరిగా రాలేదు.

"తెలీదు పిన్నీ" అన్నాను. "తెలిస్తే పంపేది కాదు."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. మెత్తగా, నీ గొంతులో. ఇంతవరకూ యజమానికీ పోలీసుకీ అబద్ధం చెప్పనివాణ్ణి. మొదటిది, నాకు ఏ అన్యాయమూ చేయని మనిషికి చెప్పాను.

పిన్ని కళ్ళు తుడుచుకుంది. "కొన్నాళ్ళు ఇటు రాకురా అబ్బాయ్. నీ కాళ్ళు చూస్తే అది గుర్తొస్తుంది" అంది. నేను గుమ్మం దాకా వచ్చాక మళ్ళీ పిలిచింది. "మీ అక్కకి రాయి. పాపం, తెలిసి ఎంత కుమిలిపోతుందో. తెలీక జరిగినదానికి ఎవరేం చేస్తారు? మనసులో పెట్టుకోవద్దని పిన్ని చెప్పిందని రాయి."

రాశాను. పిన్ని మనసులో పెట్టుకోవద్దంది. అయితే ఆమె ఓదార్చింది ఏమీ తెలియని ఒక అక్కని. అలాంటి అక్క నాకు లేదు.

కరపత్రం చింపేశాను. నీ కోసమని పొంగిపోకు. అబద్ధం చెప్పినవాడు ఆ శీర్షిక కింద సంతకం పెట్టలేడు.

దొరసాని మెట్లు దిగి వీధిలో నడిచిన రోజు కబురు పెడతాను. అప్పుడు దాన్ని ఎవరూ ఏమీ చేయలేరు. ఆ రోజు వ్యాను పంపకు, నువ్వు రా. పైకి రాకముందు కింద కొట్లో ఆగు. "తెలుసు, తెలిసే పంపాను" అని నాకు రాశావే, ఆ మాట పిన్నికి చెప్పు. ఆమె తిడితే నిలబడు. కొడితే నీ పక్కన నేను నిలబడతాను.

అంతవరకూ ఫోను చేయకు, తిన్నావా అని అడగకు. సెలైన్ అయిపోవచ్చింది, అది పంపు.

నీ తమ్ముడు