ఏమండీగారూ, ఎర్ర వెలుగూ

ఏమండీగారికి, మీ ఏమోయ్ నమస్కారాలు.

అక్కయ్య ఇంటికి క్షేమంగా చేరాను. ఫోనులో మాట్లాడితే తను స్పీకరు పెట్టించి వింటోంది, అందుకే ఈ ఉత్తరం. చీలమండ మీది పుండుకి లేజరు మొదలుపెట్టారు. కోసేదీ కాల్చేదీ కాదు. చిన్న ఎర్రటి వెలుగు. వేడి లేదు, నొప్పి లేదు. మానే గుణం ఒంట్లోనే ఉంటుందట, ఇది దాన్ని తట్టి లేపుతుందట. అందరికీ పనిచెయ్యదని డాక్టరమ్మ ముందే చెప్పింది. వెలుగు పట్టే ఆయన మాత్రం భలే నెమ్మదస్తుడు.

మీ ఏమోయ్

తా.క. కళ్లకి వెలుగు తగలకుండా ఆయనా నేనూ ఒకేలాంటి నల్లజోళ్లు పెట్టుకుంటాం. అక్కయ్య ఫొటో తీసింది.

*

ఏమోయ్‌కి,

నేను బాగానే ఉన్నాను, నువ్వు అడగలేదు గానీ.

ఏళ్ల తరబడి రోజూ పొద్దున్నే నీ కాలు ఒళ్లో పెట్టుకుని కట్టు కట్టింది నేను. పుస్తకాలు బైండు చేస్తూ వాటి వీపుకి గాజుగుడ్డ అంటించీ అంటించీ అరిగిన వేళ్లివి. ఏనాడైనా నన్ను నెమ్మదస్తుడన్నావా? "అబ్బా, మెల్లిగా" అన్నావు. వేడీ నొప్పీ లేకపోతే అది వెలుగుతోందో, నటిస్తోందో ఎలా తెలుస్తుంది? మనిద్దరికీ ఉన్నది ఒక్క పెళ్లినాటి ఫొటో. అందులోనూ నువ్వు పక్కకి చూస్తున్నావు.

ఆయనకి పెళ్లయిందా? ఊరికే అడిగాను.

ఏమండీ

తా.క. టార్చికి ఎర్ర కాయితం అంటించి నా అరికాలి ఆనెకాయ మీద పట్టాను. ఆనెకాయ అలాగే ఉంది. టార్చి పోయింది.

*

ఏమండీగారికి,

మీరు అడగమన్నారని అడిగాను. పెళ్లి కాలేదట. "ఎందుకండీ?" అన్నాడు. మావారికి కావాలన్నాను. "మీకు అమ్మాయి ఉందా?" అన్నాడు. లేదన్నాను. అప్పట్నుంచి కుర్చీ కాస్త దూరంగా జరుపుకుని కూర్చుంటున్నాడు.

పుండు అంచుల్లో గులాబీరంగు చర్మం కనిపిస్తోంది. ఇంకొన్నాళ్లు ఇక్కడే ఉంటానేమో.

మీ ఏమోయ్

తా.క. వెలుగు పట్టేటప్పుడు ఆయన పాటలు పెడుతున్నాడు. పాతవి.

*

ఏమోయ్‌కి,

పుండుకి పాటలెందుకు? లోకంలో ఇన్ని పుళ్లుండగా ఆయనకి నీదే దొరికిందా?

మానితే సంతోషమే. మానాలనే కదా ఇన్నాళ్లూ కట్టాను. కానీ నిన్న పొద్దున్న చేతులు ఊరుకోక కుర్చీకాలికి కట్టు కట్టాను. కుర్చీ "మెల్లిగా" అనలేదు. మనం మాట్లాడుకునేదంతా ఆ కాస్సేపే. పుండు పోతే పొద్దున్నే నా ఎదురుగా కూర్చోవడానికి నీకేం పని ఉంటుంది?

ఆదివారం బస్సెక్కుతున్నాను. ఆ నెమ్మదస్తుణ్ణి ఒకసారి చూడాలి.

ఏమండీ

తా.క. నేనూ నల్లజోడు కొన్నాను. అది పెట్టుకుని అట్ట వేస్తే ఎవరిదో నిఘంటువు తలకిందులైంది.

*

ఏమండీగారికి,

రావద్దు. శనివారం సాయంత్రం నేనే వస్తున్నాను.

కిందటి ఉత్తరం రాసేనాటికే పుండు మూసుకుపోయింది. గులాబీరంగు అంచుల్లోనే కాదు, అంతటా వచ్చేసింది. పెళ్లయ్యాక మీరు నాకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఒకటి చదివాక రెండోది కావాలనిపించింది. అందుకే ఉత్తరంలో ఆయన చేత పాటలు పెట్టించాను. ఆ గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం లేదు.

ఇంకోటీ దాచాను. మొదటిరోజు కట్టు విప్పుతూ డాక్టరమ్మ, "ఇంత పొందిగ్గా ఎవరు కట్టారు? పుండు పెరక్కుండా ఉన్నది దీనివల్లేనమ్మా" అంది. వెంటనే చెబితే మీ కుళ్లు ఇట్టే మానిపోతుందని ఊరుకున్నాను.

ఇక మీరడిగిన పని సంగతి. పుండు మళ్లీ పడకుండా రోజూ పొద్దున్నే మంచం దిగకముందే ఒక బిగుతు మేజోడు తొడగాలట. ఎప్పటికీ. వంగితే నాకు అందదు. అక్కయ్య తొడిగితే మడతలు పడుతున్నాయి. వేళ్లు అరిగిన మనిషి ఎవరైనా ఉంటే చూడండి. మెల్లిగా తొడగాలి.

మీ ఏమోయ్

తా.క. బస్టాండుకి నల్లజోడు పెట్టుకుని రండి. నేనూ ఒకటి కొన్నాను. దారిలో ఫొటో తీయించుకుందాం. ఈసారి పక్కకి చూసినా తెలియదు.