బత్తాయి గమ్ము విడుదల

ఫిల్మ్ నగర్,
19-6-2001.

స్వాధీన వస్తువుల విభాగపు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: తమ స్టోరు గదిలో నిర్బంధములో ఉన్న ఐదు లీటర్ల క్యాను ఒకటి విడుదల చేయుట గురించి.

1. ఇక్కడ సినిమాలకు థర్మకోల్‌తో కోటలు కడతారు. షూటింగ్ అయ్యాక స్టూడియో వెనక తగలబెడతారు. ఏ మహారాజు కోట కాలినా ఆ నల్లటి పొగ దేవమ్మ జ్యూసు బండి మీదికే వస్తుంది. ఆమె దగ్గుతూనే బత్తాయిలు ఒలుస్తుంది.

2. బత్తాయి తొక్కల నూనెలో థర్మకోల్ కరిగి చిక్కటి గమ్ము అవుతుందని ఒక కరపత్రంలో చదివాను. దేవమ్మ పారేసే తొక్కలను నా కిరాయి గదిలో ప్రెషర్ కుక్కరులో పెట్టి, నూనె తీసి, అందులో థర్మకోల్ ముక్కలు కరిగించి, నాలుగు నెలలకు సదరు క్యాను నింపాను. "ఊరంతా జావా నేర్చుకుంటుంటే నువ్వేంటి నాయనా, తొక్కలు ఉడకేసుకుంటున్నావు" అని ఇంటి ఓనరమ్మ శారదాదేవి గారు రోజూ అడిగినా సహించాను.

3. సెట్లు వేయించే త్రినాథరావు గారు వచ్చే సోమవారం ఒక కోటగోడకు నా గమ్ము వాడి చూస్తామన్నారు. అతుక్కుంటే ఇకపై థర్మకోల్ కాల్చకుండా నాకే ఇస్తారు. అతుక్కోకపోతే "నీ కరపత్రాలు కూడా ఆ మంటలోకే తమ్ముడూ" అన్నారు.

4. ఇంతలో తమ ఇన్‌స్పెక్టరు గారు వచ్చి, వాసన వస్తున్నదని క్యాను స్వాధీనపరచుకున్నారు. మరి పొగ సంగతేమిటని నేనడిగితే, దాని మీద ఎవరూ అర్జీ పెట్టలేదన్నారు. నేను గొంతు పెంచిన మాట వాస్తవము. ఆయనను కూర్చోబెట్టి కరపత్రం చదివి వినిపించిన మాటా వాస్తవము. రెండో పేజీకే లేచి వెళ్ళిపోయారు, క్యానుతో సహా.

5. మర్నాడు తమ అటెండరు లక్ష్మయ్య నా తలుపుకు నోటీసు అంటించి పోయాడు. 'సదరు ద్రవము ఎందుకూ పనికిరానిది' అని అందులో ఉన్నది. అభ్యంతరముంటే అసలు నోటీసు జతచేసి అర్జీ పెట్టుకోవాలట. ఆ నోటీసు ఊడి రావడం లేదు. గోరుతో గీరాను, అట్లకాడతో ప్రయత్నించాను. ముఖం దగ్గరగా పెడితే బత్తాయి వాసన వచ్చింది. లక్ష్మయ్యను పట్టుకుని అడిగాను.

"ఆఫీసుల గమ్ము అయిపోయి నెలాయె తమ్మీ. నీ క్యానులకెల్లి జర తీసిన. మస్తు పట్టుకుంటుంది, ఏం కలిపినవ్ గని" అన్నాడు.

6. కావున, ఎందుకూ పనికిరాని ద్రవముతో తమ సంతకము నా తలుపు మీద శాశ్వతముగా నిలిచియున్నదని మనవి. లక్ష్మయ్య ఇంకో వీధి నోటీసులకు బయల్దేరకముందే క్యాను విడిపించండి. కోటగోడకు పావు లీటరైనా మిగలాలి. సోమవారం దాటితే ఆ కోటనూ కాలుస్తారు. దేవమ్మ దగ్గు మీద ఏ ఫారములో అర్జీ పెట్టాలో నాకు తెలియదయ్యా.

నిబంధన ప్రకారం అసలు నోటీసు జతచేశాను. చిత్తగించి క్యాను ఇప్పించవలెను.

తమ విధేయుడు (సోమవారం వరకు),
అరవింద్

జతపరచినవి: నోటీసు ఒకటి, తలుపుతో సహా.

తా.క.: తలుపు తమ ఆఫీసు మెట్ల పక్కన ఆనించి ఉన్నది. శారదాదేవి గారు నా గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు, తలుపు వస్తేనే లేస్తారట. ఇవాళ రెండింటిలో ఒక్కటే ఇవ్వడానికి వీలవుతుందంటే క్యానే ఇవ్వండి. ఆమెకు నేను ఏదో ఒకటి చెప్పుకుంటాను.