పెడల్ కింది కర్ర

సెర్వా వాళ్ళ నాన్నా,

గేర్ బాక్స్ మళ్ళీ కిందికి దింపకు. టమాటా బుట్ట దింపినకొద్దీ సరుకు నలుగుతుంది, ఇదీ అంతే. నువ్వు నిద్రలో ఉండగా బండిలో కూర్చుని చూశాను. క్లచ్ ఒకసారి తొక్కితే గేర్ కీచుమంది. వరసగా నాలుగుసార్లు తొక్కితే మెత్తగా పడింది. కాబట్టి తప్పు బాక్స్‌ది కాదు. బాక్స్ మార్చేటప్పుడు క్లచ్ గొట్టం విప్పావు కదా, ఆయిల్‌లో గాలి చేరింది. అది పూర్తిగా తీస్తే చాలు.

పోయిన నెలకు, ఎల్లుండే మా అమ్మ అంత్యక్రియలు. ఈ క్లచ్‌తో మా ఊరి దారిలో మాంపాంగ్ కొండ ఎక్కలేం. "మీ ఆయన బండి వస్తుందా, మేమే వచ్చి తొయ్యాలా?" అని అన్నయ్య అప్పుడే మొదలుపెట్టాడు.

అరటికాయ, కొంతొమిరే ఆకుల కూర మూతపెట్టి ఉంచాను. తిను.

అఫ్రియే

మరొకటి. పెడల్‌కు కర్ర బిగించి, ఒక్కడివే బండి కింద దూరి గాలి తీయాలని చూశావు, అందుకే అది పూర్తిగా పోలేదు. పాత బాక్సే నయమన్నానని అలిగి నన్ను పిలవలేదు. కర్రకు నొక్కిపట్టడమే తెలుసు, నువ్వు కేకేస్తే వదలడం తెలియదు. మధ్యాహ్నానికి సరుకు అమ్మేసి వస్తాను, పెడల్ నేను తొక్కుతాను. కర్రను నాతో కెజెటియా మార్కెట్‌కు తీసుకెళ్తున్నాను.