నల్లగా కనిపిస్తే మంచిదే

ఫిబ్రవరి 11, 2025. భూపాలపల్లి

బాపు కుడి ఊపిరితిత్తిలో గడ్డ ఉంది. నిమ్మకాయంత. దగ్గు తగ్గడం లేదని తీయించిన సీటీలో కనిపించింది. ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో దిగిన మనిషి కదా, దుమ్ము పేరుకుని గడ్డ కట్టి ఉండొచ్చు, క్యాన్సరైనా కావచ్చు అన్నారు హన్మకొండలో డాక్టర్ మనోరమ. పెట్ స్కాన్‌లో రెండూ ఒకేలా వెలుగుతాయట. సూదితో ముక్క తీద్దామంటే బాపు ఊపిరితిత్తులు తట్టుకోవట. అందుకే ఎంఆర్ఐ. క్యాన్సరైతే తెల్లగా, దుమ్ము గడ్డయితే నల్లగా కనిపిస్తుందట. నూటికి నూరు కాదు, కానీ చాలావరకు తేలుతుంది అన్నారు.

నలుపు వస్తెనే మంచిదా అని అమ్మ మూడుసార్లు అడిగింది.

ఫిబ్రవరి 13

ఐలేశ్ కాక వచ్చాడు. బాపుది, ఆయనది ఒకటే షిఫ్టు. పరామర్శకే వచ్చాడు పాపం. పోతూ పోతూ నన్ను గేటు దాకా రమ్మన్నాడు. క్యాన్సరని తేలితే మీ బాపును అన్‌ఫిట్ చేస్తరు, ఆయన జాగల నీకు నౌకరి ఖాయం, గింత సదివి ఎన్నేండ్లు గిట్ల కూసుంటవ్ రా నగేశ్ అన్నాడు. దుమ్ము గడ్డయితే బాయి పైన డ్యూటీ ఇస్తరు, గంతే అన్నాడు.

నాకు కోపం రావాలి. రాలేదు. బీటెక్ అయిపోయి ఆరేళ్లు. రాసిన పరీక్షల్లో ఒకటి కోర్టులో ఉంది, ఇంకొకటి నాలుగు మార్కులతో పోయింది.

ఫిబ్రవరి 14, శుక్రవారం ఉదయం

తెల్లగా రావాలి అనుకున్నాను. పళ్లు తోముకుంటూ. ఒక్క క్షణమే. రాసి పెడుతున్నాను. లేకపోతే రేపు, అసలు అనుకోనే లేదని నాకు నేనే అబద్ధం చెప్పుకుంటాను.

ఫిబ్రవరి 17. స్కానింగ్ సెంటర్ నుంచి వచ్చాక

టెక్నీషియన్ నరేందర్ మహబూబాబాద్ మనిషి. మర్యాదస్తుడు. బాపు చొక్కా విప్పగానే వీపు మీది నీలం గీతలు చూసి, పచ్చబొట్లా పెద్దనాయినా అని అడిగాడు. బాపు నవ్వాడు. బొగ్గు బిడ్డా, దెబ్బ తాకినప్పుడు లోపలికి పోయింది, పైన తోలు మానింది అన్నాడు.

తర్వాత మొలతాడు దగ్గర ఆగిపోయాం. దానికి వెండి బిళ్ళ ఉంది. ఒంటి మీద లోహం ఉండకూడదు. ముడి ఎంతకూ రాలేదు, తెంపాల్సిందే అన్నాడు నరేందర్. అమ్మ అడ్డం నిలబడింది. కొత్తది కట్టకముందు పాతది తెంపేది పీనుగకే, బతికున్న మనిషికి ఎట్ల తెంపుతరు అని ఏడ్చింది. చౌరస్తా దాక ఉరికి కొత్తది తెస్తానంది. ఇప్పుడు కాకపోతే ఎల్లుండే అవ్వా అన్నాడు నరేందర్. బాపు కత్తెర తీసుకుని నా చేతిలో పెట్టాడు. తెంపు కొడుకా అన్నాడు.

కొడుకే ఎందుకు తెంపుతాడో ముగ్గురికీ తెలుసు. తెంపాను. నడుము చుట్టూ తెల్లటి గీత మిగిలింది.

నలభై నిమిషాలు. ఊపిరి బిగబట్టు, వదులు. దగ్గు వచ్చి రెండుసార్లు మళ్లీ మొదలుపెట్టారు. బయట బెంచీ మీద, నల్లగా రావాలి నల్లగా రావాలి అనుకుంటూ కూర్చున్నాను. మనసారా అనుకున్నాను. అయినా శుక్రవారం అనుకున్నది అనుకోనట్టు కాదు.

ఫిబ్రవరి 18

రిపోర్టు రేపు. బాపు సగం అన్నం వదిలేశాడు. వెండి బిళ్ళ నా జేబులోనే ఉంది.

ఫిబ్రవరి 19

నల్లగా ఉంది.

డాక్టర్ స్క్రీన్ మా వైపు తిప్పారు. దుమ్ము గడ్డే అనిపిస్తోంది, మూడు నెలలకు మళ్లీ తీద్దాం, పెరగకపోతే ఇక దిగులు లేదు, బాయిలోకి మాత్రం దిగొద్దు అన్నారు. అమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

బాపు ఏడ్చాడు. సంతోషమనుకున్నాను. బస్టాండులో అమ్మ నీళ్లకు పోయినప్పుడు, నా మొహం చూడకుండా చెప్పాడు. తెల్లగ రావాలని మొక్కిన కొడుకా, నీకు నౌకరన్న వస్తదని. నాతోని గది సుత కాలే. ఏమనుకోకు అన్నాడు.

బతికి ఉన్నందుకు నన్ను క్షమించమంటున్నాడు. నా శుక్రవారం సంగతి అప్పుడే చెప్పాల్సింది. బస్సు వచ్చింది. ఒక్కటే సీటు దొరికితే ఆయన్ని కూర్చోబెట్టి, పరకాల దాకా పక్కనే నిలబడ్డాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఫిబ్రవరి 21

బాపుకు చెప్పేశాను. తండ్రి కొడుకులం ఒక్కటే మొక్కు మొక్కినం, దేవుడు ఇద్దరిదీ ఇనలే, మంచిగైంది అన్నాడు. ఐలేశ్ కాకకు చెప్పకు అని కూడా అన్నాడు. మీ అమ్మకు అసలే చెప్పకు అన్నాడు.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఎర్ర మొలతాడు తెచ్చాను. బాపు దాన్ని మార్చి నల్లది తెమ్మన్నాడు. బిళ్ళ ఎక్కించి నేనే కట్టాను. ముడి గట్టిగ ఎయ్యకు, మళ్ల మూడు నెల్లకు ఇప్పాలె అన్నాడు.