నాన్నగారి మడతకత్తి స్ప్రింగు

అక్కయ్యకు తమ్ముడి నమస్కారాలు. ఇక్కడ కులాసాయే, కంగారు పడకుండా చదువు.

నువ్వు నమ్మి పంపిన నాన్నగారి మడతకత్తి ఆదివారం నా చేతిలోనే పాడైంది. తప్పు నాదే. కత్తులు సేకరించే మా బృందంలోకి ఏ పాత కత్తి వచ్చినా, తలా ఒకసారి చెవి దగ్గర పెట్టుకుని మూసి, ఆ టక్కుమనే చప్పుడు వినడం ఆనవాయితీ. అది వినిపించాలన్న ఆత్రంలో, తుప్పుపట్టిన కీలును నూనెలో నానబెట్టకుండానే తెరవబోయాను. లోపలి స్ప్రింగు పుటుక్కున విరిగింది.

"ఊరందరికీ నూనె పాఠాలు చెప్పే పంతులుగారు ఈయనేనా?" అన్నారు మాలో పెద్దవారైన, గడియారాలు బాగుచేసే తాతగారు. అందరూ నవ్వారు. నాకు మాత్రం నీ ముఖమే కళ్ళముందు మెదిలింది.

అది గమనించారేమో, ఎవరెంత బతిమాలినా ఇవ్వని తన సొంత కత్తిని ఆయన జేబులోంచి తీశారు. అదీ నాన్నగారి కత్తి చేసిన కమ్మరి చేతిపనే. మేకులు తట్టి ఊడదీసి, దాని స్ప్రింగును నా అరచేతిలో పెట్టారు. "నాది మూగబోతే పోనీవయ్యా. మీ అక్కకు నువ్వేం జవాబు చెబుతావు?" అన్నారు. నాన్నగారి కత్తి ఇప్పుడు చక్కగా పలుకుతోంది.

నాన్నగారి పనిపెట్టెలో ఆ కమ్మరే చేసిన, మొన విరిగిన రెండో కత్తి ఉండాలి. దాని స్ప్రింగు తాతగారి కత్తికి సరిపోతుంది, వెంటనే పంపు. బావగారిని దాన్ని గరుకు కాగితంతో తోమనివ్వకు. ఆయన మోకాలి నొప్పి తగ్గిందా? చిన్నదానికి నా ఆశీస్సులు.

తన కత్తి బాగయ్యేదాకా మరొకటి ముట్టనని భీష్మించుకుని, తాతగారు పండ్లు కొరుక్కుని తింటున్నారు. ఆయనకున్నవి ఆరే దంతాలు. ఆలస్యం చేయకు.

నీ తమ్ముడు