ఒక్క పన్నుకి అంతా?

ఏవండీ, భోజనం పొయ్యి పక్కన మూతపెట్టి ఉంచాను. తినేసి, ఐదింటికల్లా పళ్ల డాక్టరు దగ్గరికి వచ్చేయండి. నేను పని నుంచి నేరుగా అక్కడికే వస్తాను.

"ఒక్క పన్నుకి అంతా? దోపిడీ!" అని మొన్న లేచొచ్చేశారుగా. నిన్న నేనొక్కదాన్నే వెళ్లి అడిగాను. ఇంప్లాంటంటే ఎముకలో బిగించే స్క్రూ వేరు, దానిమీద కూర్చోబెట్టే పన్ను వేరు, స్కాన్ వేరట. అచ్చం మీరు కుట్టుషాపులో "బట్ట వేరు, లైనింగు వేరు, కుట్టుకూలి వేరమ్మా" అన్నట్టే చెప్పాడాయన. నాకు నవ్వాగలేదు. స్క్రూ ఎముకలో కుదురుకోవడానికి కొన్ని నెలలు పడుతుందట, పైపన్ను డబ్బులు అప్పుడిస్తే చాలట. మొదటి విడత కట్టేశాను. వెళ్లి మళ్లీ బేరాలు మొదలెట్టకండి.

దారాలు కొరికి కొరికి ఆ ముందు పన్ను పోగొట్టుకున్నప్పటి నుంచి నవ్వొస్తే చాలు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నారు. నా దగ్గర కూడా ఎందుకండీ? మీరలా నవ్వు దాచుకుంటుంటే ఇల్లే చిన్నబోయినట్టుంది.

అన్నట్టు, మీ కత్తెరను మిషనుకి దారంతో కట్టాను. ఆ దారాన్ని మాత్రం పళ్లతో తెంపకండి.