మేడమ్‌కి చేసి చూపించిన మాటలు

అక్టోబరు 5, ఆదివారం

ఈ ఉదయాన్ని ఒకసారి రాసి పెట్టుకుంటాను. రోజూ ఇంతే కదా. లేవగానే ప్రార్థన. మేడమ్‌కి కాఫీ, పంచదార లేకుండా. వంటగది బల్ల మీద ఆమె కంప్యూటర్, పక్కన ఇంగ్లీషు నవల. దాన్ని తన హంగేరీ భాషలోకి మారుస్తోంది. "పుట్" వరకూ బాగానే వెళుతుంది. దాని వెనక ఓ చిన్న మాట తగిలిందా, ఆగిపోతుంది. పుట్ డౌన్. పుట్ అవే. పుట్ అవుట్. "మార్తా, షో మీ!" నేను గిన్నె కింద పెడతాను. అలమరాలో సర్దేస్తాను. స్టవ్ ఆర్పేస్తాను. నా చేతులు చూస్తూ తన మాట వెతుక్కుంటుంది. దొరికితే బల్ల చరిచి టైపు చేస్తుంది. నేను మళ్లీ గిన్నె తీసి, స్టవ్ వెలిగించి, వంట మొదలెడతాను. కిటికీలో ఈ ఎడారి దేశపు బౌషర్ కొండలు, ఎండకి తెల్లగా. ఇవాళ ఈ గొడవలో పప్పు పొంగింది. ఇద్దరం నవ్వుకున్నాం.

అక్టోబరు 6, సోమవారం

వీసా ఈ నెలాఖరు వరకే. పొడిగింపుకి వేలిముద్ర వేస్తే మరో రెండేళ్లు. ఇంటికి వెళ్లిపోతానని మేడమ్‌తో చెప్పాను. చెల్లి సుజాత ఇంట్లో మేడ మీద గది నాకోసమే ఉంది. అక్కడ ఉంటాను, చాలు.

మేడమ్ మొహం మారింది. "ఆఫ్టర్ ది బుక్, మార్తా." పుస్తకం ఇంకా సగంలోనే... మళ్లీ తనే అంది, మీ ఇంట్లోవాళ్లు రమ్మంటే పంపిస్తానని.

నా పాస్‌పోర్టు ఆమె సొరుగులో ఉంది.

అక్టోబరు 7, మంగళవారం

మోకాళ్లు వంగలేదు. ప్రార్థన కుర్చీలో కూర్చునే.

అక్టోబరు 8, బుధవారం

ఇవాళ్టి మాట "గివ్ ఇన్". గరిటె కింద పెట్టి చూపించాను. కాదంది. చేతులెత్తేశాను. అదీ కాదు, అది గివ్ అప్ అట. "వాదించి, వాదించి, చివరికి సరే అంటావు చూడు, అదీ!" నేను వాదించడం ఆమె ఎప్పుడు చూసిందో. ఆ చోటు ఖాళీగా వదిలేసి ముందుకెళ్లింది.

ఒక మాట మాత్రం నాకు నేర్పింది. హొజొ. ఇంటివైపు అని. దేని ముందు తగిలిస్తే అది ఇంటికేనట. వెళ్లడం, రావడం, ఏదైనా. అంట్లు తోముతున్నంతసేపూ నోట్లో అదే.

అక్టోబరు 9, గురువారం

సుజాతకి ఫోను చేశాను. రేపు వీడియోలో అందరి ముందూ నా తరఫున నువ్వే మాట్లాడవే అన్నాను. "అలాగే అక్కా." గొంతు ఎందుకో చిన్నగా...

అక్టోబరు 10, శుక్రవారం

పొద్దున చర్చి, ఇక్కడ సెలవు శుక్రవారమే కదా. సాక్ష్యం చెప్పమంటే లేచాను. "దేవుని దయవల్ల బాగున్నాను." అంతకుమించి రాలేదు. తొమ్మిదేళ్లుగా ఇంటికి చేసే ఫోనులోనూ అదే మాట.

సాయంత్రం ఇంట్లోవాళ్లందరూ వీడియోలో. తమ్ముడు ప్రకాశ్ మొదలెట్టాడు. "నీకేంటక్కా! గిన్నెలు ఎత్తీ దించీ చూపిస్తే జీతం. మాకెవడిత్తాడు?" నవ్వులు. నేనూ నవ్వాను. ఆ నవ్వులోనే చెప్పాను, వచ్చేస్తానురా అని.

"అదేంటి? మొన్న శుక్రవారం కూడా బాగున్నానన్నావ్ కదా?"

"బాగానే ఉన్నాన్రా..."

"మరింకేంటి!"

సుజాత వైపు చూశాను. తలెత్తలేదు. "మేడ మీద గదిలో ప్రకాశ్ కొడుకూ కోడలూ దిగారక్కా. చెబుదాం, చెబుదాం అనుకుంటూనే... ఈ రెండేళ్లూ ఉండిపోవే."

అలా తేల్చారు. నేను ఉండిపోవాలి. రేపు ప్రకాశే మేడమ్‌కి ఫోను చేసి ఇంగ్లీషులో చెబుతాడట. ఆదివారం వేలిముద్ర.

"పెద్దదానివి, ప్రార్థన చేసి ముగించక్కా" అన్నారు, ఎప్పటిలాగే. చేశాను. అందరి పేర్లూ తలిచాను. ఈ తీర్మానాన్ని దీవించమన్నాను. ఆమేన్ అన్నారు. నేను అన్నానో లేదో గుర్తు లేదు.

ఫోను పెట్టేసి తిరిగితే, తలుపు దగ్గర మేడమ్. ఒక్క తెలుగు ముక్క రాదు ఆమెకి. నా మొహమే చూసింది.

"హొజొ?" అంది, మెల్లగా.

రేపు ప్రకాశ్ ఫోను వచ్చేలోగా దానికి జవాబు నేనే చెప్పాలి, ఇంటికా, ఇక్కడేనా అని.